ఎరుపు ముందు పోతుంది, నీలం చివరిదాకా ఉంటుంది: ఎండకి రంగులు వెలిసే లెక్క

కోఠీలోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో పడమటి ఎండ పడే ఏ పాత ఫ్లెక్సీనైనా ఒకసారి నిలబడి చూడండి. భారీ తగ్గింపు అని ఎర్రగా కొట్టించిన అక్షరాలు లేత గులాబీలోకి దిగి ఆనవాలుగా మిగిలుంటాయి. వెనకాల పసుపు తెల్లబడిపోయి ఉంటుంది. బొమ్మలో మనిషి ముఖం నీలి బూడిద రంగుకి తిరిగి ఉంటుంది. ఫోన్ నంబరు నల్ల అక్షరాల్లో ఉంటే అది మాత్రం ఇప్పటికీ చదవొచ్చు. బోర్డంతా ఒకే ఎండకి ఎండింది, ఒకే వానకి తడిసింది. అయినా ఒక రంగు పోయింది, ఇంకో రంగు నిలిచింది. ఇంట్లో గోడమీద ఫొటోకీ, కిటికీ పరదాకీ, సోఫా గుడ్డకీ జరిగేది కూడా ఇదే.

వేడికి రంగు పోయిందని చాలామంది అంటారు. వేడికీ పాత్ర ఉంది, కానీ పని మొదలుపెట్టేది వెలుతురు. ఏసీ గదిలో 24 డిగ్రీల దగ్గర ఉన్న పరదా అయినా, ఎండ నేరుగా పడితే వెలుస్తుంది. వేడి, తేమ, గాలిలోని ఆక్సిజన్ ఆ పనిని వేగిరం చేస్తాయి.

రంగు అణువు వెలుతురులో కొంత భాగాన్ని మింగుతుంది, మిగతాదాన్ని వెనక్కి పంపుతుంది. మనకి కనిపించేది ఆ వెనక్కి వచ్చిన భాగం. మింగే పని చేసేది ఆ అణువులో ఒకటి విడిచి ఒకటిగా ఉండే ద్విబంధాల వరస. ఆ వరస పొడుగునా ఎలక్ట్రాన్లు సులువుగా కదులుతాయి కాబట్టే కంటికి కనిపించే కాంతిని అది పట్టుకోగలుగుతుంది. పట్టుకున్న శక్తిని ఎక్కువసార్లు వేడిగా వదిలేస్తుంది, ఏమీ కాదు. కానీ ఎప్పుడో ఒకసారి, ఆ శక్తితో ఉద్రేకంలో ఉన్న క్షణంలో, పక్కనున్న ఆక్సిజన్‌తోనో తేమతోనో చర్య జరుగుతుంది. వరసలో ఒక్క బంధం తెగితే చాలు, ఆ అణువు ఇక కనిపించే కాంతిని మింగలేదు. పదార్థం అక్కడే ఉంటుంది, రంగు మాత్రం ఉండదు. కోట్ల కోట్ల అణువుల్లో ఇలా ఒక్కొక్కటీ రాలిపోతుంటే మనం దాన్ని వెలవడం అంటున్నాం.

అతినీలలోహిత కిరణాలు ఎందుకు ఎక్కువ ప్రమాదమో అంకెల్లో చూస్తే తేలిగ్గా తెలుస్తుంది. రెండు కార్బన్ పరమాణువుల మధ్య ఏకబంధం తెంచడానికి సుమారు 3.6 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి కావాలి. 350 నానోమీటర్ల అతినీలలోహిత కాంతిలో ఒక్కో ఫోటాన్ (కాంతి పొట్లం) మోసుకొచ్చేది సుమారు 3.5, అంటే దాదాపు అంత. ఊదా కాంతి 400 నానోమీటర్ల దగ్గర 3.1 తెస్తుంది, ఎర్ర కాంతి 700 దగ్గర 1.8 కూడా తేలేదు.

ఎరుపు, పసుపు ముందు పోవడానికి సగం కారణం ఇక్కడే ఉంది. పసుపు పసుపుగా కనిపిస్తోందంటే ఊదా, నీలం కాంతిని మింగుతోందని అర్థం. ఎరుపు నీలాన్నీ ఆకుపచ్చనీ మింగుతుంది. అంటే ఈ రెండూ శక్తి ఎక్కువున్న కాంతినే తింటున్నాయి. నీలం తినేది ఎరుపు, నారింజ కాంతిని, అందులో శక్తి తక్కువ. మిగతా సగం ఆ రసాయనం ఎంత గట్టిదన్నదానిమీద ఉంటుంది. అచ్చులో వాడే నీలం రాగి ఫ్తాలోసయనిన్, చాలా గట్టి అణువు. నలుపు కార్బన్, దాన్ని ఎండ ఏమీ చేయలేదు. మామూలు అచ్చులో వాడే పసుపు, మెజెంటా (ఎరుపు కోసం వాడే ముదురు గులాబీ) ఆ స్థాయివి కావు.

అందుకని ఎరుపు అన్నదల్లా పోతుందనుకోకూడదు. గడపకి, అరుగుకి పూసే జాజు ఇనుము ఆక్సైడు. గ్రిల్లుకి వేసే రెడాక్సైడు కూడా అదే. ఇనుము ఆక్సైడులో తెగడానికి అలాంటి బంధాల వరసే ఉండదు, ఎండలో ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. దాని పక్కనే గడపకి రాసిన పసుపు చూడండి. వీధి గుమ్మానికి ఎండ తగిలితే కొద్ది రోజుల్లో పాలిపోతుంది. పసుపులోని కర్క్యుమిన్ వెలుతురుకి అసలు ఆగదు. చొక్కా మీద పప్పు మరక పడితే సబ్బు పెట్టగానే ఎర్రబడుతుంది, అది సబ్బులోని క్షారం వల్ల. కంగారుపడి బ్లీచు పోయక్కర్లేదు. బాగా జాడించి, మరక వైపు పైకి పెట్టి ఎండలో ఆరేస్తే ఒకటి రెండు పూటల్లో చాలావరకు పోతుంది. ఇంట్లో రంగు వెలవడం మనకి పనికొచ్చే చోటు బహుశా ఇదొక్కటే.

ఇంటి బయట గోడకి రంగు ఎంచుకునేటప్పుడు ఈ తేడా డబ్బు మిగులుస్తుంది. మట్టి ఎరుపు, గోధుమ, ఓకర్ పసుపు, బూడిద లాంటివి ఎక్కువగా ఆక్సైడులతో వస్తాయి. మెరిసే నిమ్మపండు పసుపు, నారింజ, గులాబీ, వంకాయ రంగులకి సేంద్రియ రంగులు, అంటే పైన చెప్పిన బంధాల వరస ఉన్న కార్బన్ అణువులు, కలపాలి. పడమటి గోడకి ఈ రెండో రకం వేయించడం నాకు నచ్చని పని. లోపలి గదికి వేసుకోండి, బాగుంటాయి.

డై, పిగ్మెంట్ తేడా కూడా తెలిసి ఉండాలి. డై అంటే కరిగి, ఒక్కో అణువు విడివిడిగా గుడ్డలోకో కాగితంలోకో ఇంకేది. పిగ్మెంట్ కరగదు, చిన్న రేణువుగా ఉంటుంది. ఒక్కో రేణువులో లక్షల అణువులు పేర్చి ఉంటాయి. ఉల్లిపాయ పైపొర ఎండిపోయినా లోపలి పొరలు బాగుండేట్టు, రేణువు పైనున్న అణువులు దెబ్బతిన్నా లోపలివి నిలుస్తాయి. డైకి ఆ చాటు లేదు. ఇంట్లో వాడే ఇంక్ ట్యాంక్ ప్రింటర్లలో చాలావాటికి రంగు సీసాలు డై, నలుపు ఒక్కటే పిగ్మెంటు. అందుకే ఇంట్లో తీసిన కలర్ ప్రింటులో అక్షరాలు నిలిచి బొమ్మ పోతుంది.

ఇక మోతాదు. నా దృష్టిలో ఈ విషయం మొత్తంలో అసలైన మాట ఇదే: రంగు నష్టం కూడుతూ పోతుంది, తిరిగి రాదు. తక్కువ వెలుతురులో ఎక్కువ రోజులున్నా, ఎక్కువ వెలుతురులో కొద్దిసేపున్నా, లక్సుని (వెలుతురు కొలిచే ప్రమాణం) గంటలతో గుణిస్తే వచ్చేదే ముఖ్యం. మ్యూజియాల్లో పాత గుడ్డలు, నీటిరంగుల బొమ్మలు, రాతప్రతులకి 50 లక్సులు పెడతారు. రోజుకి 8 గంటలు, ఏడాదికి 365 రోజులు వెలిగించినా 1,46,000 లక్సు గంటలు. మిట్టమధ్యాహ్నపు నేరు ఎండ సుమారు 1,00,000 లక్సులు. అంటే మ్యూజియంలో ఒక గుడ్డ ఏడాది పొడుగునా తినే వెలుతురుని డాబా మీద అది గంటన్నరలో తినేస్తుంది. అందులో అతినీలలోహిత భాగాన్ని ఇంకా లెక్క వేయలేదు.

ఇప్పుడు మన హాలుకి రండి. రాత్రి ఎల్‌ఈడీ దీపాల కింద గోడమీద 150 లక్సులు, రోజుకి 5 గంటలు అనుకుంటే ఏడాదికి 2,73,750. ఎల్‌ఈడీలో అతినీలలోహితం దాదాపు ఉండదు కూడా. అదే హాల్లో పడమటి కిటికీలోంచి సాయంత్రం ఎదురుగోడ మీద పడే ఎండ 30,000 లక్సులకి తగ్గదు. రోజుకి ఒక్క గంట, మార్చి నుంచి మే దాకా 90 రోజులు పడిందనుకోండి, 27 లక్షల లక్సు గంటలు. దీపాలు పదేళ్లలో చేసే పని ఆ ఒక్క వేసవి చేసేస్తుంది. కాబట్టి దీపాల గురించి బెంగ అక్కర్లేదు, ఆ గంటసేపు పడే ఎండచార గురించి ఆలోచించాలి. ఫోన్‌లో లైట్ మీటర్ యాప్ ఏదైనా వేసుకుని, తెర వైపు గది లోపలికి ఉండేలా ఫోన్‌ని గోడకి ఆనించి చూడండి. అంకె కచ్చితంగా రాకపోయినా 200కీ 20,000కీ తేడా చూపిస్తుంది, మనకి కావాల్సింది అంతే.

ఏ గోడ మంచిదన్నది హైదరాబాద్‌లో నెలని బట్టి మారుతుంది. నగరం 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, నిలువుగా పెట్టిన కర్రకి నీడ కనిపించదు. ఆ రెండు తేదీల మధ్య మధ్యాహ్న సూర్యుడు కాస్త ఉత్తరానికి ఉంటాడు. కాబట్టి దక్షిణపు కిటికీకి ఎండాకాలంలో ఎండ బెడద దాదాపు లేదు. డిసెంబరులో మాత్రం మధ్యాహ్నం సూర్యుడు 49 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. కిటికీ మీద రెండడుగుల సజ్జ ఉంటే దాని నీడ రెండడుగుల మూడంగుళాలే దిగుతుంది, నాలుగడుగుల కిటికీలో కింది భాగం తెరిచే ఉంటుంది. దసరా నుంచి శివరాత్రి దాకా దక్షిణపు కిటికీ పక్కనున్న సోఫా చేతులు, తివాచీ అంచు వెలిసేది ఇందువల్లే. చలికాలపు ఎండ హాయిగా ఉందని పరదా తీసేస్తాం కూడా.

పడమరకి సజ్జ ఎందుకూ పనికిరాదు. మే నెలలో సాయంత్రం నాలుగున్నర దాటాక సూర్యుడు 28 డిగ్రీల ఎత్తుకి దిగుతాడు, అదే రెండడుగుల సజ్జ నీడ ఒక్క అడుగు. అక్కడ నిలువుగా అడ్డం ఉండాలి: వెదురు తెర, బయట షేడ్ నెట్, లేదా చెట్టు. అడ్డం అద్దానికి బయట ఉంటే రంగుతో పాటు గది వేడి కూడా తగ్గుతుంది. ఉత్తరపు గోడకి భయం లేదనే మాట మే, జూన్, జులై సాయంత్రాలకి వర్తించదు. అప్పుడు సూర్యుడు పడమరకి బాగా ఉత్తరంగా అస్తమిస్తాడు, ఉత్తరపు కిటికీలోంచి ఏటవాలుగా ఎండ దూరుతుంది. ఫొటోలకి నేను ఎంచే చోటు ఏ కిటికీకీ ఎదురుగా లేని గోడ, లేదా కిటికీ ఉన్న గోడే. కిటికీ పక్కన అదే గోడమీద వేలాడే ఫ్రేముకి ఎండ నేరుగా తగలదు.

అద్దం ఉంది కదా అని ధీమాగా ఉండకూడదు. మామూలు కిటికీ అద్దం సుమారు 320 నానోమీటర్ల కంటే పొట్టి కిరణాలని ఆపుతుంది. 320 నుంచి 400 దాకా ఉన్నవాటిలో ఎక్కువ భాగం లోపలికి వచ్చేస్తుంది. ఫొటో ఫ్రేము అద్దం కూడా అంతే. రెండు అద్దాల మధ్య ప్లాస్టిక్ పొర ఉండే లామినేటెడ్ గాజు 99 శాతం దాకా ఆపుతుంది. కారు ముందద్దం అలాంటిదే, పక్క అద్దాలు చాలా కార్లలో అలాంటివి కావు. కిటికీకి వేసే యూవీ (అతినీలలోహిత) ఫిల్ము పనిచేస్తుంది, వేయించుకోవచ్చు. కానీ అది నష్టాన్ని నెమ్మది చేస్తుందే గానీ ఆపలేదు, ఎందుకంటే పసుపు రంగు మింగేది కనిపించే నీలికాంతిని కూడా. కనిపించే కాంతిని ఆపాలంటే చీకటి చేయాల్సిందే.

ఫొటోల్లో ఒక్కో రకం ఒక్కోలా చెడుతుంది. పాత నలుపు తెలుపు ఫొటోలో బొమ్మ వెండిది. దాన్ని వెలుతురు పెద్దగా ఏమీ చేయదు. గోధుమరంగుకి తిరిగిందంటే కడిగినప్పుడు హైపో (బొమ్మని నిలిపే మందు) సరిగ్గా పోలేదని, లేదా గాలిలోని వాయువులు వెండిని తింటున్నాయని అర్థం. నల్లటి చోట్ల అంచుల్లో అద్దంలా మెరుపు వస్తే వెండి పైకి తేలుతోందన్నమాట. స్టూడియోల్లో చేత్తో రంగులద్దిన ఫొటోలైతే ఆ అద్దిన బుగ్గల ఎరుపు, చీర అంచు రంగు ముందు పోయి, కింద వెండి బొమ్మ మిగులుతుంది.

కలర్ ఫొటోలో సయాన్ (ఆకుపచ్చ కలిసిన నీలం), మెజెంటా, పసుపు మూడు డై పొరలుంటాయి. ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది: చీకట్లో చెడే తీరు, వెలుతురులో చెడే తీరు వేరువేరు. 1970లు, 80ల నాటి ప్రింట్లు ఆల్బమ్‌లో బీరువాలో ఉన్నా ఎర్రబారి ఉంటాయి, ఎందుకంటే ఆ కాలపు సయాన్ డై వేడికి, తేమకి చీకట్లోనే కరిగిపోయేది. అదే ప్రింటు గోడమీద ఉంటే వెలుతురుకి మెజెంటా ముందు పోయి, పాలిపోయి పచ్చగా నీలంగా తేలుతుంది. కాబట్టి ఫొటో ఏ రంగుకి తిరిగిందో చూసి అది ఎండ వల్ల చెడిందో, బీరువా పైన రేకు కప్పు వేడికి చెడిందో చెప్పొచ్చు. కొత్త ఫొటో కాగితాలు ఈ రెండిట్లోనూ చాలా మెరుగు. డై ఇంకుతో తీసిన ప్రింట్లకి ఇంకో శత్రువు ఓజోన్. వెంటనే ఆరిపోయే గ్లాసీ కాగితం మీద ఆ ప్రింటుని గాలికి వదిలేస్తే వెలుతురు తగలకపోయినా పాలిపోతుంది, అద్దం వెనక పెడితే చాలా మేలు.

ఫ్రేము కట్టించేటప్పుడు అద్దానికీ ఫొటోకీ మధ్య 2, 3 మిల్లీమీటర్లు ఎడం ఉండేలా మౌంట్ బోర్డు పెట్టమనండి. ఎడం లేకపోతే వానాకాలం తేమకి ఫొటో మీది జిలాటిన్ పూత అద్దానికి అతుక్కుంటుంది. బోర్డు ఆమ్లం లేనిదై ఉండాలి. ఫొటో వెనక జిగురు పూయకుండా నాలుగు మూలల్లో కాగితం మూలలు పెట్టి నిలబెట్టమనండి. ఫ్రేము వెనక కింది మూలల్లో చిన్న రబ్బరు బొడిపెలు అంటిస్తే గోడ తేమ తగలకుండా గాలి ఆడుతుంది. పెద్దల ఫొటో ఇంట్లో ఒక్కటే ఉంటే దాన్ని గోడకి పెట్టకండి. స్కాన్ చేయించి, పిగ్మెంటు ఇంకుతో తీసిన ప్రతిని దండ వేసి పెట్టుకోండి. అసలుది పాలిప్రొపిలీన్ కవరులో, బీరువా మధ్య అరలో ఉండనివ్వండి. జిగురు గీతల మీద అంటించి పైన ప్లాస్టిక్ కప్పే ఆల్బమ్‌లు మాత్రం వద్దే వద్దు.

పరదా గుడ్డ కొనేటప్పుడు దుకాణదారు రంగు గ్యారంటీ అంటే అది ఉతుకు గురించి. ఉతుకుకి ఆగడం, ఎండకి ఆగడం వేరు. ఉతుకుకి కొలబద్ద 1 నుంచి 5 దాకా, వెలుతురుకి 1 నుంచి 8 దాకా. వెలుతురు కొలబద్దలో ఒక్కో మెట్టుకి నిలిచే కాలం దాదాపు రెట్టింపవుతుంది. అందుకని 5 అని చెబితే ఏ కొలబద్దలోనో అడగాలి. పరదాకి వెలుతురులో 6కి తగ్గకూడదు. కాగితం లేకపోతే మీరే పరీక్షించొచ్చు. నాలుగంగుళాల ముక్క అడిగి తెచ్చుకుని, సగాన్ని వంటింటి అల్యూమినియం రేకుతో రెండు వైపులా చుట్టి, పడమటి కిటికీ అద్దానికి టేపుతో అంటించండి. వేసవిలో మూడు నాలుగు వారాలు చాలు. రేకు తీసి పగటి వెలుతురులో చూడండి, గీత కనిపిస్తే ఆ గుడ్డ ఆ కిటికీకి పనికిరాదు. నియాన్ రంగులైతే ఈ పరీక్ష కూడా అక్కర్లేదు, అన్నిటికంటే ముందు పోయేవి అవే. పరదాకి తెల్ల లైనింగు వేయించడం, ఆరు నెలలకోసారి ఎడమ కుడి మార్చడం రెండూ ఉపయోగమే. తడి గుడ్డ పొడి గుడ్డ కంటే తొందరగా వెలుస్తుంది కాబట్టి రంగు చీరలు, చుడీదార్లు తిరగేసి నీడలో ఆరేయాలి.

ప్లాస్టిక్ కుర్చీ సంగతి కొంచెం వేరు. ఎండకి రంగుతో పాటు ప్లాస్టిక్ గొలుసులే తెగుతాయి, చేత్తో తుడిస్తే తెల్లపొడి వస్తుంది, ఆ తర్వాత విరుగుతుంది. నీళ్లకి వాడే నల్ల పైపుల్లో, ట్యాంకుల్లో కలిపే కార్బన్ నలుపు ఈ నష్టాన్ని ఆపడానికే, పైపుల్లో అది 2 నుంచి 3 శాతం దాకా ఉంటుంది. డాబా మీద తెల్ల పైపు పెడితే దానికి పెయింట్ వేయించండి. వార్తాపత్రిక పసుపెక్కేది రంగు పోయి కాదు, కాగితంలోని లిగ్నిన్ వెలుతురుకి కొత్తగా రంగు తెచ్చుకుని.

కరెంటు బిల్లు, ఏటీఎం చీటీ, ఫ్రిజ్ వారంటీ రశీదు లాంటి థర్మల్ కాగితాలకి (వేడితో అక్షరాలు తేలేవి) ఎండతో పాటు ప్లాస్టిక్ కవరు కూడా ప్రమాదమే. మెత్తటి పీవీసీ కవరులోని నూనెలాంటి పదార్థం ఆ అక్షరాలని చెరిపేస్తుంది. భద్రం కదా అని లామినేషన్ చేయిస్తే ఆ వేడికి కాగితమంతా నల్లబడుతుంది. ఇంటికి రాగానే జిరాక్సు తీయించండి. జిరాక్సు నలుపు కార్బన్ టోనరు, నిలుస్తుంది.

వెలిసిన రంగుని మందు పెట్టి వెనక్కి తెచ్చే మార్గం లేదు, అణువే తెగిపోయింది. ఫొటో అయితే స్కాన్‌లో కొంత రాబట్టొచ్చు. పోస్టుకార్డు సైజు ప్రింటుని 600 డీపీఐలో, రంగుకి 16 బిట్లలో, టిఫ్ ఫైలుగా తీయమనండి. స్కానర్ సొంతంగా చేసే దిద్దుబాట్లు ఆపేయాలి. తర్వాత ఫొటో దిద్దే సాఫ్ట్‌వేర్‌లోని లెవెల్స్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు చానళ్లనీ విడివిడిగా, చీకటి చివరా వెలుగు చివరా బొమ్మ అంచులకి జరపండి. డై కొంత మిగిలున్నంతవరకు చర్మం రంగు తిరిగొస్తుంది. ఒక పొర పూర్తిగా పోతే ఎవరూ తేలేరు, ఊహించి వేయాల్సిందే. అందుకే వెలవడం మొదలైందని కనిపించిన రోజే స్కాన్ చేయించాలి. ఫొటో అద్దానికి అతుక్కుపోయి ఉంటే లాగకండి, ఇంట్లో నీళ్లలో నానబెట్టకండి. అద్దం బయటివైపు మెత్తటి గుడ్డతో తుడిచి, అద్దంతో సహా స్కానర్ మీద బోర్లా పెట్టి స్కాన్ చేయండి. అద్దం మందం వల్ల బొమ్మ మసగ్గా వస్తే, కిటికీ పక్కన నీడలో నిటారుగా నిలబెట్టి, కెమెరాని ఎదురుగా స్టాండు మీద పెట్టి, కెమెరా వెనక నల్లగుడ్డ కట్టి తీయండి. నల్లగుడ్డ ఉంటే అద్దంలో గది ప్రతిబింబం పడదు.